ఏడు తూటాలు

తుపాకి అనే మాట కనపడగానే పేజీ తిప్పేసి సీరియల్ దగ్గరికి పోబోయే ఇల్లాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో అత్తగారి నాటి కుట్టు మిషను ఉన్నదా? చక్రం తిప్పితే ఇప్పటికీ గడియారంలా తిరుగుతుంది. కాని చేసిన కంపెనీ మూతబడి చాలా కాలమయింది. ఒకనాడు సూది పుటుక్కున విరిగింది. బజారుకు వెళ్ళారు. సూదులకేం, డబ్బాలకు డబ్బాలున్నాయి. ఒకటి పొట్టి, ఒకటి లావు, ఒకదానికి చెక్కు పక్కకున్నది. నాలుగో దుకాణంలో కుర్రాడు, "ఇది పాత సామానుకు వేసేసి కొత్తది కొనుక్కోండమ్మా" అని ఉచిత సలహా ఒకటి పడేశాడు. అప్పుడు మీ కడుపులో కలిగిన బాధ గుర్తుందా? అయితే మా మామయ్య రైఫిలు సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు.

పోయిన దసరాకు రైల్వే కోడూరు దగ్గర ఉన్న మా మేనమామ గారింటికి వెళ్ళాను. ఆ ఇంట ఆయుధపూజ ఘనంగా జరుగుతుంది. కత్తిపీట, గడ్డపార, కొడవళ్ళు, పిల్లల సైకిలు, వాకిట్లో ట్రాక్టరు, వీటన్నిటి నడుమ చాప మీద పెద్దరికంగా పడుకుని ఒక రైఫిలు. దానికీ కుంకుమ బొట్టు, బంతిపూల దండ. మా తాతగారు ఉద్యోగం విరమించి పోతున్న ఒక అటవీ అధికారి దగ్గర కొన్నది. ఆయన తరువాత లైసెన్సు మామయ్య పేరుకు మారింది. మామయ్యకిప్పుడు ఎనభై నాలుగు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా రైఫిలు పోలీసు స్టేషనుకు వెళ్ళి, ఫలితాలు తేలాక ఇంటికి వస్తుంది. "ఓటు లేకపోయినా ఎలక్షన్ డ్యూటీ తప్పనిది మా ఇంట్లో దీనికొక్కదానికే" అంటాడు మామయ్య.

హారతి అయింది. మామయ్య మనవడు, పదేళ్ళ గడుగ్గాయి, అడిగాడు.

"తాతా, ఇది నిజంగా పేలుతుందా?"

మామయ్య లేచి, బీరువా తాళం తీసి, ఒక రేకు డబ్బా తెచ్చాడు. మూత తీసి, నేల మీద ఒక్కొక్కటీ నిలబెట్టి లెక్క చూశాడు.

"ఏడు సార్లు పేలుతుంది రా" అన్నాడు.

"ఆ తరువాత?"

ఎవరూ మాట్లాడలేదు. చివరికి పెద్ద కొడుకు, అంటే ఆ కుర్రవాడి తండ్రి, "ఆ తరువాత అది ఇనపకడ్డీ. అందుకే చెబుతున్నా నాన్నా, ఈసారి రెన్యూవల్ తేదీ వచ్చేలోగా స్టేషనులో సరెండర్ చేసేద్దాం" అన్నాడు. అత్తయ్య అతని వంక ఒక చూపు చూసింది. పండుగ పూట అనే మాటేనా అని. మామయ్య మాత్రం కోపగించుకోలేదు. నా వైపు తిరిగి, "ఏమిరా నాయనా, లోకంలో ఉండే సంగతులన్నీ పత్రికలో రాస్తావు గదా, దీని తూటా యింకెక్కడన్నా చేస్తున్నారేమో కనుక్కో" అన్నాడు.

కనుక్కున్నాను. ఈ వారం మీకు చెప్పబోయేది అదే.

తూటా అంటే నాలుగు వస్తువుల కాపురం. ముందు దూసుకుపోయే గుండు. దాని వెనుక మందు. అడుగున సుత్తి దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే టోపీ. ఈ మూడింటినీ ఒక గూటిలో ఉంచే ఇత్తడి డొప్ప. గుండు పోతుంది, మందు కాలుతుంది, టోపీ చస్తుంది. డొప్ప మాత్రం మిగులుతుంది. రైఫిలు బతుకు ఆ డొప్పలో ఉన్నది. గొట్టం ఎంత మేలిమి ఉక్కయినా, దాని గదిలో సరిగ్గా ఇమిడే ఇత్తడి డొప్ప లేకపోతే, మామయ్య కొడుకు అన్న మాటే నిజం.

మా మామయ్య రైఫిలు గొట్టం మీద 318 అని చెక్కి ఉన్నది. బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ అనే తుపాకుల కంపెనీ వారు 1910లో ఈ తూటాను తెచ్చారు. అప్పట్లో ఆఫ్రికాలోనూ ఇండియాలోనూ మహా పేరు. 250 గ్రెయిన్ల బరువైన పొడుగాటి గుండు. ఏనుగుల వేటలో ప్రసిద్ధుడైన కరమోజో బెల్ వాడిన రైఫిళ్ళలో ఇదీ ఒకటి. ఇంతకీ 318 అంటే ఏమిటి? అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 318 భాగాలు. గుండు లావు అంతేనని మీరూ నేనూ అనుకుంటాం. కాదు. గుండు లావు 330! రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళుంటాయి. గాళ్ళ మధ్య మిట్టల మీదుగా కొలిచి పేరు పెట్టటం ఇంగ్లీషు దొరల అలవాటు. గుండు మాత్రం గాళ్ళ లోతుదాకా నిండాలి గనుక లావుగా ఉంటుంది. మన వాళ్ళందరికీ తెలిసిన 303 రైఫిలు గుండు కూడా 303 కాదు, 311.

ఇది పండితుల ముచ్చట అని తీసిపారేయకండి. జర్మనీలో పాత 8 మిల్లీమీటర్ల రకం ఒకటున్నది. దాని గుండు నిజంగానే 318. పేరు చూసి పెళ్ళి చేసే దుకాణదారు ఆ గుండు తెచ్చి మామయ్య రైఫిలుకు ఇచ్చాడనుకోండి. 330 గొట్టంలో అది వదులు చెప్పుల్లో చిన్నపిల్లవాడి కాలు. గాళ్ళు పట్టుకోవు, గుండు తిరగదు, ఎటు పోతుందో భగవంతుడికే తెలియాలి.

మామయ్యకు పేర్ల మోసం అనుభవమే. కొన్నేళ్ళ క్రితం ఊళ్ళో ఒక పెద్దమనిషి, మంచి మనసుతోనే, "318 దొరకకపోతేనేం, 315 బోలెడన్ని దొరుకుతాయి. మూడే గదా తేడా, నేను తెప్పిస్తా" అన్నాడు. మామయ్య వద్దన్నాడు. లైసెన్సులో రాసిన సైజు కాక మరొకటి కొనటమే నేరం, అది ఒకటి. రెండోది, 315 తూటా మొదలు ఇంకా లావు, దాని అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఒకటి. 318 గదిలోకి అది వెళ్ళనే వెళ్ళదు. వెళ్ళనందుకు సంతోషించాలి. వెళ్ళీ వెళ్ళనట్టుండే తూటాలే మనుషుల కళ్ళూ చేతులూ తీసేది.

ఆ 315 కథ వింటే మీకు నవ్వు వస్తుంది. అది పుట్టింది ఆస్ట్రియాలో, 19వ శతాబ్దం చివర్లో, అక్కడి సైన్యం కోసం. పుట్టింట్లో దాన్ని ఇప్పుడు పలకరించే నాథుడు లేడు. మన దేశంలో మాత్రం కోడలి పిల్లలా స్థిరపడిపోయింది. కారణం, ఇంగ్లీషు ప్రభుత్వం తన సైన్యం వాడే 303 ప్రజల చేతికి చిక్కకూడదనుకోవటమే. దానితో దొరకని 303 బదులు, దానికి సాటివచ్చే 315 రైఫిళ్ళు వచ్చాయి. స్వతంత్రం వచ్చాక కూడా బెంగాలులోని ఇషాపూర్ ప్రభుత్వ కార్ఖానాలో 315 రైఫిళ్ళు తయారయ్యాయి. ఆస్ట్రియాలో అనాథ, ఇండియాలో ఇంటింటి బంధువు. అరుదైన తూటా అనేది ఆ తూటా గుణం కాదు సుమండీ, మీరే ఊళ్ళో నిలబడి అడుగుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇన్ని సైజులు ఎందుకు వచ్చాయని నేను ఆరా తీస్తే, సగం పాపం మన దేశం పేరు మీదే ఉన్నది. 1898లో లండనులో రిగ్బీ కంపెనీ వారు 450 అనే పెద్ద తూటా తెచ్చారు. పులికీ ఏనుగుకూ అదే ప్రమాణమన్నారు. అందరూ దాని దారి పట్టబోతున్నారు. ఇంతలో 1907లో ఇంగ్లీషు ప్రభుత్వం ఇండియాకూ సూడానుకూ 450 సైజు రైఫిళ్ళు, తూటాలు పంపకూడదని ఉత్తరువు చేసింది. ఆ రోజుల్లో తిరుగుబాటుదారుల చేతుల్లో సైన్యపు పాత మార్టినీ–హెన్రీ రైఫిళ్ళుండేవి. వాటిదీ ఇదే సైజు. జమీందారు పులి కోసం తెప్పించుకున్న గుండ్లు రేపు సిపాయి మీదికి రావచ్చునని భయం.

ఇండియా పెద్ద గిరాకీ. వదులుకోలేరు. తుపాకుల కంపెనీలన్నీ ఆదరాబాదరా ఆ 450కి బదులు తలా ఒక సైజు కనిపెట్టాయి. హాలండ్ వారిది 465, మరొకరిది 470, జెఫ్రీ వారిది 475, వెస్ట్లీ రిచర్డ్స్ వారిది 476. చేసే పని అన్నిటిదీ ఒకటే, ఒకదాని తూటా మరొకదానికి పట్టదు. ఈ 475 రెండో నంబరు అనేదానిలోనే గుండు లావు ఒక రకం రైఫిలుకు 483, జెఫ్రీ వారి సొంత రైఫిలుకు ఇంకాస్త ఎక్కువ. పేరుకూ గుండుకూ పొత్తే లేదు. ఆనాడు ఎవరికీ ఇబ్బంది తోచలేదు. బర్మింగ్‌హామ్‌లో కైనాక్ కంపెనీ ఉన్నది, అందరి తూటాలూ అదే చేసి పెడుతుంది, మద్రాసులో కూర్చుని ఉత్తరం రాస్తే ఓడ మీద వస్తాయి. మా తాతగారు కొన్న అట్టపెట్టెల మీద ఆ పేరే ఉన్నది.

సామ్రాజ్యం పోయింది, గిరాకీ పోయింది. 1960ల్లో కైనాక్ వారు ఈ పాత తూటాలను ఒక్కొక్కటిగా చాలించుకున్నారు. ఇక్కడ 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేట ఆగింది. అది ఆగవలసిందే. అడవిలో పులి అడుగు కనబడితే ఇవాళ ఫోటో తీసి దండం పెట్టుకుంటున్నాం. వేట ఆగినందుకు మామయ్యకు విచారం లేదు. తండ్రి ఇచ్చిన వస్తువు ఉత్త బొమ్మ అయిపోతుందే అన్నదే ఆయన దిగులు.

అన్ని రైఫిళ్ళకూ ఈ గతి పట్టలేదు. జిమ్ కార్బెట్ పేరు వినని వారుండరు. చంపావత్ నరభక్షిని చంపినందుకు 1907లో ఆయనకు బహూకరించిన రైఫిలు మీద 275 రిగ్బీ అని ఉంటుంది. ఇంగ్లీషు పేరు తీసేస్తే లోపల ఉన్నది జర్మను మౌజరు 7 మిల్లీమీటర్ల తూటా! ఎన్నో దేశాల సైన్యాలు వాడినది, ఇవాళ్టికీ చేస్తున్నారు. ఆ రైఫిలు 2015లో తిరిగి రిగ్బీ కంపెనీ చేతికే చేరింది, మరుసటి ఏడు ఇండియాకు కూడా వచ్చి వెళ్ళింది. దానికి ఆకలి తెలియదు. మా మామయ్య ఊరికి దగ్గరలోనే ఉన్న మామండూరు అడవుల్లో నరభక్షి కథ రాసిన బెంగుళూరు కెన్నెత్ ఆండర్సన్ చేతిలోది 405 వించెస్టరు. అమెరికాలో 1904లో వచ్చిన తూటా. వారూ మధ్యలో చేయటం మానేశారు. కొన్ని దశాబ్దాల పాటు ఆ రైఫిళ్ళు పస్తులున్నాయి. ఈ శతాబ్దం మొదట్లో అమెరికా వారు మళ్ళీ తయారుచేస్తే ప్రాణం లేచి వచ్చింది. 318 తరువాత రెండేళ్ళకు, 1912లో, పుట్టిన 375 హాలండు అయితే ఇప్పుడు లోకమంతా దొరుకుతుంది. ఆఫ్రికాలో చాలాచోట్ల పెద్ద జంతువులకు అంతకు తక్కువ సైజు పనికిరాదని చట్టాలు చేశారు, అమెరికా కంపెనీలు దాన్ని చేరదీశాయి. ఒక చట్టం 450ని వెళ్ళగొట్టింది, మరో చట్టం 375ను నిలబెట్టింది. మా 318కి ఏ చట్టమూ సాయం రాలేదు.

అయితే లోకంలో 318 రైఫిళ్ళున్న వాళ్ళందరూ ఏం చేస్తున్నారు? ఇక్కడ నాకు అదృష్టం కలిసివచ్చింది. మామయ్య రెండో కొడుకు అమెరికాలో టెక్సాసులో ఉన్నాడు. చిన్నప్పుడు తాత భుజాన చూసిన మోజుతో అక్కడ పాత 318 ఒకటి కొన్నాడట! ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అన్నయ్య నవ్వుతాడని. నేను నాలుగు ముక్కలు రాస్తే, అతను పన్నెండు పేజీల జవాబు పంపాడు. ఇంత పొడుగు ఈ-మెయిలు అతను పెళ్ళాంబిడ్డలకు కూడా రాసి ఉండడు.

అతను అన్నిటికన్నా ముందు చేసిన పని, రైఫిలు మీద రాతను నమ్మకపోవటం. వందేళ్ళలో ఎవరో ఒకరు గదిని తొలిచి మరో సైజుకు మార్చి, పాత అంకె అలాగే ఉంచి ఉండవచ్చు గదా! అందుకని గదికి అచ్చు తీశాడు. సెర్రోసేఫ్ అని ఒక లోహం ఉన్నది. మరిగే నీళ్ళ వేడి కూడా అక్కరలేకుండానే కరుగుతుంది. దాన్ని గదిలో పోస్తే గడ్డకట్టి, మొదట కొంచెం ముడుచుకుని, తేలిగ్గా ఊడివస్తుంది. ఒక గంట గడిచేసరికి మళ్ళీ ఉబ్బి గది కొలతకు సరిపోతుంది. అప్పుడు కొలుచుకోవాలి. కొబ్బరి లౌజు అచ్చులోంచి తీసినట్టే, కాని గంటసేపు ముట్టుకోకూడదు. గొట్టం లావు తెలుసుకోవటానికి మెత్తటి సీసపు గుండును ఒక కొస నుంచి మరో కొసకు మెల్లగా తోసి, దాన్ని కొలిచాడు. 330 సరిగ్గా ఉన్నది.

తరువాత డొప్పలు. ఇక్కడే అసలు తమాషా. అమెరికా సైన్యం 1906లో తెచ్చిన 30-06 అనే తూటా ఉన్నది. మన ఊళ్ళో గోలీ సోడాలా అక్కడ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. దాని మొదలు లావు, 318 మొదలు లావు దాదాపు ఒకటే! మూతి మాత్రం ఇరుకు, పొడుగు కాస్త ఎక్కువ. ఆ డొప్ప మూతిలోకి నున్నటి ఉక్కు కదురు దించి వెడల్పు చేసి, నెత్తిన సుమారు పదో వంతు అంగుళం కోసి, ఉక్కు మూసలో వత్తి, 318 ఆకారానికి తెస్తారు. మొదటిసారి తక్కువ మందుతో పేల్చినప్పుడు ఇత్తడి ఉబ్బి, ఆ రైఫిలు గదికి కొలిచి కుట్టిన రవికెలా అతికిపోతుంది. అప్పటినుంచి అది ఆ ఒక్క రైఫిలు సొత్తు.

మూతి సాగదీసేటప్పుడు డొప్పలు పగులుతాయి. మొదటి రోజు ఇరవైలో ఆరు పగిలాయట. దీని మందు మన కంచరివాళ్ళకు తెలుసు. ఇత్తడిని కొట్టినకొద్దీ గట్టిపడి పెళుసు అవుతుంది. చెంబు కొట్టేవాడు నడుమ నడుమ కొలిమిలో పెట్టి మెత్తబరచి మళ్ళీ కొడతాడు. తూటా డొప్పకూ అదే వైద్యం, కాని మూతికి మాత్రమే. మొదలు మెత్తబడితే పేలుడు ఒత్తిడికి ఆగలేక వెనక్కి, అంటే పేల్చేవాడి మొహం మీదికి, చీలుతుంది. అందుకని పళ్ళెంలో నీళ్ళు పోసి, డొప్పల్ని నిలబెట్టి, మొదళ్ళు చల్లగా మునిగి ఉండగా మూతులకు మంట చూపిస్తారు. మా అత్తయ్య ఇది విని, "కాళ్ళు నీళ్ళలో, నెత్తి ఎండలో, అచ్చం నాటు కూలి" అన్నది.

గుండ్లు 330 లావువి చేసేవారు అక్కడొకరు ఇక్కడొకరు. దొరకనప్పుడు 338 లావువి కొని, బిగువైన ఉక్కు కన్నంలోంచి నూనె రాసి తోసి సన్నబరుస్తారు. కంసాలి కమ్మచ్చులోంచి బంగారు తీగ లాగినట్టే. ఇక మందు మాత్రం పాత పుస్తకాల్లో చూసి పోయటానికి లేదు. ఆ రోజుల్లో కార్డైటు అని సేమ్యాలా పుల్లలు పుల్లలుగా ఉండేది. ఇప్పటి మందుల గుణం వేరు. ఒకదాని తూకం మరొకదానికి వాడితే రైఫిలు పోతుంది, మనిషి పోవచ్చు. తక్కువతో మొదలుపెట్టి, డొప్ప మొహం చూసుకుంటూ చాలా నెమ్మదిగా పెంచటమే దారి. ఎక్కువ పెంచవలసిన పని కూడా లేదు. మెత్తగా వాడుకుంటే ఒకే డొప్ప మళ్ళీ మళ్ళీ పనికివస్తుంది. అతని దగ్గర యాభై ఉన్నాయి. "నా జన్మకు చాలు, మా అమ్మాయికి కూడా కొన్ని మిగులుతాయి" అని రాశాడు.

కొందరు ఈ తంటాలన్నీ పడలేక గొట్టం తొలిపించి, బజారు సైజుకు మార్పించేస్తారట. తప్పని నేను అనను. కాని అది కుట్టు మిషను లోపలి సామానంతా తీసేసి పైన పాత బల్ల ఉంచుకున్నట్టు.

ఇదంతా అక్కడి మాట. మన దేశంలో తూటాలు చేయటానికి, తుపాకి మార్పించటానికి 1959 ఆయుధాల చట్టం కింద వేరే లైసెన్సు కావాలి. ఇంట్లో కూర్చుని డొప్పలు సాగదీస్తే అప్పచ్చులు చేసినట్టు కాదు, జైలుకు దారి. ఇంగ్లండులో కైనాక్ పేరుతోనే మళ్ళీ పాత సైజుల తూటాలు చిన్న ఎత్తున చేస్తున్నారు. కాని నాలుగు తూటాల కోసం ఒక మనిషి దిగుమతి అనుమతి సంపాదించటం అంటే నాలుగు మెతుకుల కోసం వరి నాటటం. కాబట్టి కోడూరులో ఉన్నవి ఏడే. అవి ఎనిమిది కావు.

ఈ మాట మామయ్యతో ఎలా చెప్పాలా అని వెళ్ళాను. ఈ-మెయిలు అచ్చు తీయించి పట్టుకెళ్ళి, వసారాలో కూర్చుని చదివి వినిపించాను. పదో పేజీ దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు. అక్కడ కొడుకు ఇలా రాశాడు: అమెరికాలో చూసిన పాత 318లలో చాలావాటికి గొట్టం లోపల స్ఫోటకం మచ్చల్లా తుప్పు గుంటలు. "మన ఇంట్లో దాని గొట్టంలోంచి మొన్న వచ్చినప్పుడు చూశాను, అద్దం. నాన్న ఏం చేసేవాడో అడుగు."

మామయ్య నవ్వి, "నేను కాదురా, మా నాయన" అన్నాడు.

తాతగారు అడవి నుంచి వచ్చి గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే మరిగే నీళ్ళు అడిగేవాడట. గొట్టంలో గరాటు పెట్టి రెండు చెంబులు పోయించి, వేడి మీదనే గుడ్డ పెట్టి తుడిచి, అప్పుడు నూనె. మా అమ్మమ్మకు జన్మంతా ఇదే ఫిర్యాదు, "తుపాకికి నీళ్ళు కాగాకనే గాని మనిషికి కాఫీ లేదు" అని. ఇరుగుపొరుగు వాళ్ళు, ఇనుముకు నీళ్ళు పోస్తే తుప్పు పట్టదా అని నవ్వేవారు. పెద్దాయన చేసిందే శాస్త్రం. ఆ కాలపు తూటా టోపీలో ఉండే లవణం కాలాక, గొట్టంలో ఒక రకం ఉప్పు మిగులుతుంది. వర్షాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమర్చినట్టే అదీ గాలిలో తేమను పీల్చి ఉక్కును తినేస్తుంది. నూనె ఆ ఉప్పును కరిగించలేదు, నీళ్ళే కరిగించాలి. వేడి నీళ్ళయితే గొట్టం వేడెక్కి త్వరగా ఆరిపోతుంది. రాత్రికి అలసిపోయి రేపు చూద్దాంలే అన్నవాళ్ళ రైఫిళ్ళే ఇవాళ స్ఫోటకం మొహాలతో ఉన్నవి.

పనిలో పనిగా, ఇంట్లో లైసెన్సు రైఫిలు ఉన్నవారికి ఆ పదో పేజీలోని మరి రెండు మాటలు. కొబ్బరినూనె రాయకండి, కొన్నాళ్ళకు జిగురై బోల్టును పట్టేస్తుంది. కుట్టు మిషను నూనె మేలు. అందమైన తోలు సంచిలో దాచకండి, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. బోల్టు తీసి వేరే చోట, తూటాలు మరో చోట, రెండిటికీ తాళం. పిల్లలున్న ఇంట్లో ఇది చెప్పించుకోవలసిన మాట కాదు.

ఇక ఆ ఏడు తూటాలు. ఒకటి పేల్చి మనవడికి చూపించాలని మామయ్య మనసులో ఉన్నదని నాకు తెలుసు. చట్టప్రకారం అనుమతి ఉన్న రేంజిలోనే అనుకోండి. కొడుకు వద్దని రాశాడు. అరవై ఏళ్ళు దాటిన తూటాలు. పేలకపోవచ్చు. పేలకపోవటం కంటే చెడ్డది, సుత్తి పడ్డాక ఆలస్యంగా పేలటం. పేలలేదని బోల్టు తీసి చూడబోయేంతలో పేలుతుంది. అటువంటప్పుడు గొట్టం దూరంగా మట్టి కట్ట వైపే ఉంచి అర నిమిషమైనా కదలకుండా ఆగాలి. ఎనభై నాలుగేళ్ళ చేతులు అంతసేపు ఆ బరువు మోస్తూ ఆగగలవా? మామయ్య ఆ వాక్యం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. తరువాత డబ్బా మూత పెట్టాడు.

లైసెన్సు రెన్యూవలుకు కాగితాలు పెట్టారు. సరెండరు మాట పెద్ద కొడుకు మళ్ళీ ఎత్తలేదు. తమ్ముడు దొంగతనంగా ఒక 318 కొన్నాడని తెలిసినప్పుడు మాత్రం నిజంగానే నవ్వాడు.

నేను బయలుదేరబోతుండగా మామయ్య అమెరికా నుంచి వచ్చిన ఫోటోను భూతద్దం పెట్టి చూస్తూ పిలిచాడు. కొడుకు చేసిన డొప్ప మొదలు ఫోటో అది. చుట్టూ చెక్కిన అక్షరాల్లో 30-06 అనే ఉన్నది. డొప్ప ఆకారం మారింది గాని పుట్టినప్పటి పేరు ఎక్కడికి పోతుంది?

"ఇది తప్పురా" అన్నాడు మామయ్య. "వీడు చూసుకుంటాడు సరే. రేపు వీడి కూతురో, ఇంకెవరో డబ్బాలో దీన్ని చూసి 30-06 అనుకోరూ? అందులోకి తోయబోరూ?"

కొడుకు కూడా అదే రాశాడు మామయ్యా, వాటిని వేరే పెట్టెలో పెడుతున్నాడట, అన్నాను.

"పెట్టె మీద ఏమని రాశాడు?"

ఆ సంగతి పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. మామయ్య మనవణ్ణి పిలిచి, నోటుపుస్తకంలోంచి అట్ట చింపించి, ఎర్ర సిరా పెన్ను తెప్పించాడు. ఇంగ్లీషు అంకెల్లో 318 అని పెద్దగా రాశాడు. కింద తెలుగులో, వేరే దాంట్లో పెట్టరాదు, అని రాసి సంతకం చేశాడు. వచ్చే నెలలో పక్క వీధి వారి అమ్మాయి టెక్సాసు వెళుతున్నదట. ఆవకాయ జాడీతో పాటు ఆ అట్ట కూడా సిద్ధంగా ఉన్నది.